పాత ఉక్కు పాత్రలో చెరకు సిర్కా

కేతకీ సంగమేశ్వర క్షేత్రముచే పేరొందిన ఝరాసంగము, దానిని ఆనుకొని యున్న జహీరాబాదు ప్రాంతము చెరకు పంటకు పెట్టినది పేరు. చెరకు రసము నుండి తీయు సిర్కా మన దస్తర్‌ఖానుకు క్రొత్త కాదు. దైవప్రవక్త (స) సిర్కాను మెచ్చుకొనినట్లు హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. యునానీ హకీములు తేనెను సిర్కాతో కలిపి సికంజబీను అను పానకమును తయారు చేయుదురు. ఇంటి పట్టున సిర్కా తీసి నాలుగు రూపాయలు సంపాదింప గోరువారికి మొదటి అడ్డంకి పాత్ర. క్రొత్త స్టెయిన్‌లెస్ స్టీలు పీపా ఖరీదు సామాన్యులకు అందదు. బాటల వెంబడి పాత సామానుల దుకాణములలో మాత్రము హోటళ్లు, పాల కేంద్రములు, కర్మాగారములు వదలివేసిన ఉక్కు పాత్రలు తూకమునకు దొరకును. వానిని వాడవచ్చునా అని విద్యార్థులు మమ్ము తరచు అడుగుచుందురు. వాడవచ్చును, కాని అన్నిటిని కాదు. ఈ వ్యాసము ఆ భేదమును తెలుపుటకే.

మొదట సిర్కా పుట్టుక తెలియవలెను. ఇందు రెండు మెట్లు కలవు. మొదటి మెట్టున ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. రెండవ మెట్టున మరొక జాతి సూక్ష్మజీవులు గాలిలోని ఆమ్లజని సాయమున ఆ మద్యసారమును ఎసిటిక్ ఆమ్లముగా మార్చును. ఈ సూక్ష్మజీవుల పాత్రను 1860 దశకమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ నిరూపించెను. కావున మొదటి పాత్రకు వాయువు వెలుపలికి పోవు దారి యుండవలెను. రెండవ పాత్ర వెడల్పు మూతి కలిగి, పలుచని గుడ్డ కప్పబడి, గాలి తగులునట్లుండవలెను. నడిమి దశలో నిలిపి ఆ ద్రవమును త్రాగుట ధర్మమునకు విరుద్ధము. అనుమతి లేక మద్యము తయారు చేయుట చట్టరీత్యా నేరము. తనంతట తాను సిర్కాగా మారినది హలాలని ఫిఖహ్ పండితులు అంగీకరించిరి.

ఎసిటిక్ ఆమ్లము రాగిని, ఇత్తడిని, అల్యూమినియమును, జింకు పూతను కరగించును. అందుచేతనే కళాయి పూసిన రాగి గిన్నెలలో వంట వండిన మన పెద్దలు కూడ సిర్కాను పింగాణీ జాడీలలో దాచిరి. స్టెయిన్‌లెస్ స్టీలు గుణము వేరు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ 1913లో తయారు చేసిన ఈ తరహా ఉక్కులో క్రోమియము ముఖ్యము. అది కనీసము నూటికి 10.5 పాళ్లున్నచో ఉక్కు పైభాగమున కంటికి కానరాని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడును. గీత పడినను, గాలి తగిలినంతనే ఆ పొర తిరిగి అల్లుకొనును. ఉక్కునకు అదియే కవచము.

అయితే మెరయునదెల్ల ఒక్క జాతి కాదు. 304 రకములో క్రోమియము సుమారు 18 పాళ్లు, నికెలు 8 పాళ్లు ఉండును. సిర్కాకు ఇది తగినది. 316 రకములో మాలిబ్డినము కూడ చేరుటచే అది మరింత గట్టిది. 202 రకములో నికెలు తగ్గించి మాంగనీసు చేర్చుదురు; ఆమ్లమునకు దాని ఓర్పు తక్కువ. అయస్కాంతము గట్టిగా అంటుకొనినచో అది 430 వంటి రకమో, మామూలు ఇనుమో కావచ్చును. అంటుకొననంత మాత్రమున 304 అని నమ్మరాదు. 202 కూడ అంటుకొనదు, అల్యూమినియము అసలే అంటుకొనదు. ఎరుగని విద్యార్థి ఇచ్చటనే మోసపోవును.

మేమును ఒకమారు మోసపోతిమి. తళతళలాడు పీపా నొకదానిని బేరమాడి కొని తెచ్చితిమి. వేడినీరు పోయగనే పురుగుమందు వాసన గుప్పున కొట్టెను. ఎన్నిమార్లు కడిగినను అతుకుల సందులలో ఆ వాసన నిలిచియే యుండెను. పెట్టిన సొమ్మునకు ఆశపడి దానిని వాడినచో ఎందరి కడుపులలో విషము పోసియుందుమో! పీపాను మరల తుక్కులోనే వేయించితిమి. ఆనాడు మేము నేర్చిన పాఠము ఒక్కటే: పాత్ర ఏ లోహమని అడుగుటకు ముందు, అందులో పూర్వమేమి యుండెనని అడుగవలెను. పాలు, నూనె, పంచదార పాకము వంటి ఆహారము నిలువ యుంచినదని నిశ్చయముగా తెలిసిన పాత్రనే తీసికొనవలెను. చరిత్ర తెలియని పాత్ర ఎంత చౌకయైనను వలదు.

కొనిన పిదప చేయవలసిన పనులు ఇవి. ఇత్తడి కుళాయిలను, పాత రబ్బరు వాషర్లను తీసివేసి, స్టీలు కుళాయిని, ఆహారమునకు తగిన సిలికాను వాషర్లను బిగించవలెను. వేడి నీటిలో వాషింగ్ సోడా కలిపి జిడ్డు పోవువరకు కడుగవలెను. ఇనుప పీచుతో తోమరాదు. ఆ పీచు తునకలు ఉక్కులో నాటుకొని త్రుప్పు పట్టును. బ్లీచింగు పొడి వాడరాదు. అందలి క్లోరిను ఉక్కునకు చిన్న చిన్న గుంటలు పొడుచును. ఉప్పు కూడ అట్టిదే, కావున ఊరగాయకు ఈ పాత్ర తగదు. పిదప లీటరు వేడినీటికి సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట నిలిపి, మంచినీటితో కడిగినచో అంటుకొనిన ఇనుప రేణువులు తొలగి, ఆక్సైడు పొర చక్కగా ఏర్పడును. రాత్రి తడిపి యుంచి ఉదయము ఆరిన పిమ్మట చూడవలెను. త్రుప్పు చుక్కలు కనిపించినచో మరల శుభ్రపరచవలెను. మూసిన పీపాను ఎన్నడును గ్యాసుతో కోయింపరాదు. లోపల మండు ద్రవపు ఆవిరి మిగిలియున్నచో అది ప్రేలి ప్రాణము తీయును.

చివరగా ఒక మాట. పాల సంఘముల పేరు చెక్కిన డబ్బాలు ఆ సంఘముల సొత్తు. అవి దుకాణమునకు ఎట్లు వచ్చెనో విచారింపక, రసీదు అడుగక కొనుట దొంగసొత్తుకు చేయూతనిచ్చుటయే. సిర్కా హలాలు కావలెనన్నచో, అది ఊరిన పాత్రయు హలాలు సొమ్ముతో, హలాలు దారిని వచ్చినది కావలెను. పారవేసిన వస్తువునకు మరల ప్రాణము పోయుట పుణ్యకార్యమే. దానిని తెలివితోను, నిజాయితీతోను చేయుడని మా విద్యార్థులకు మనవి.