మీకు తెలుసా? పాలగ్లాసులో బల్బు

సస్పెన్స్ సినిమాల పెద్దాయన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్‌ని వారం రోజులు కూర్చోబెట్టి ప్రశ్నలడిగిన కుర్రాడు కూడా డైరెక్టరే. ఫ్రెంచివాడు, ఫ్రాన్స్వా త్రూఫో. అప్పటికి వయసు 30. 1962 ఆగస్టులో యూనివర్సల్ స్టూడియోలో కలిశారు. త్రూఫోకి ఇంగ్లిష్ అంతంతమాత్రం కావడంతో హెలెన్ స్కాట్ అనే ఆవిడ మధ్యలో కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది. పక్కనే టేపురికార్డరు తిరుగుతూ ఉండేది.

హిచ్‌కాక్ తీసిన ‘సస్పిషన్’ (1941)లో హీరో కేరీ గ్రాంట్ భార్య కోసం పాలగ్లాసు పట్టుకుని చీకట్లో మెట్లెక్కుతుంటాడు. పాలలో విషం కలిపాడా? మన చూపు ఆ గ్లాసు మీంచి కదలదు. దాని గుట్టు హిచ్‌కాకే త్రూఫోకి విప్పాడు, గ్లాసు లోపల బల్బు పెట్టించానని. అంతే! ఒక్క డైలాగు ఖర్చు లేదు.

బల్ల కింది బాంబు సంగతీ ఆ ముచ్చట్లలోదే. బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది 15 సెకన్లే. అదే, బాంబుందని ముందే చూపించి, బల్ల దగ్గరివాళ్ళని తీరిగ్గా కబుర్లాడుకోనిస్తే? 15 నిమిషాలు ఊపిరి బిగపట్టి చూస్తాడట. 1966లో ఈ సంభాషణంతా ఫ్రెంచిలో పుస్తకమైంది.