అనుమితికి హద్దు: తర్కపరీక్షా ప్రశ్నలు – కోనసీమ ఉదాహరణలు

వ్యాససంగ్రహం

ఒక గద్యభాగాన్ని ఇచ్చి, దాని నుండి తప్పనిసరిగా తేలే అంశాన్ని ఎన్నుకొమ్మనడం పోటీపరీక్షలలో పరిపాటి. అటువంటి ప్రశ్నలలో సరైన అనుమితిని గుర్తించే పద్ధతిని భారతీయ తర్కపరిభాషతో, కోనసీమ వ్యవసాయజీవితానికి చెందిన ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరీక్షలో మార్కు పోగొట్టే దోషమే పరిశోధనలో నిర్ధారణను చెడగొడుతుందని ఇందులో నిరూపించే ప్రయత్నం జరిగింది.

కీలకపదాలు: అనుమితి, వ్యాప్తి, ఉపాధి, హేత్వాభాస, పంటవిరామం, కోనసీమ

1. ఉపోద్ఘాతం

వ్యవహారంలో ‘అనుమానం’ అంటే సందేహం. శాస్త్రంలో అది నిశ్చయజ్ఞానానికి సాధనం. దాని ఫలం అనుమితి. తర్కపరీక్షలో తడబాటుకు ఈ అర్థభేదమే ఒక కారణం. అభ్యర్థి ‘ఇలా జరిగి ఉండవచ్చు’ అనే ఊహను ఎన్నుకుంటాడు. ప్రశ్న కోరేది ‘ఇచ్చిన మాటలు నిజమైతే ఇది నిజం కాక తప్పదు’ అనే నిశ్చయాన్ని.

2019 జూన్ నుండి అమలులో ఉన్న యూజీసీ నెట్ మొదటి పత్రం పాఠ్యప్రణాళికలో ప్రమాణాలు, అనుమాన స్వరూపం, వ్యాప్తి, హేత్వాభాసలు చేరాయి. వీటిని నిర్వచనాలుగా వల్లించి వదిలివేయనక్కరలేదు. గద్యభాగంపై అడిగే ప్రశ్నలను విడదీయడానికి ఇవే పనిముట్లు.

2. ఒక నమూనా ప్రశ్న

అభ్యాసం కోసం ఈ గద్యభాగాన్ని చూడవచ్చు: “2011 ఖరీఫ్‌లో కోనసీమలోని కొన్ని మండలాల రైతులు పంటవిరామం ప్రకటించారు. మద్దతు ధర గిట్టుబాటు కావడం లేదని, కూలీలు దొరకడం లేదని, మురుగుకాలువలు బాగులేవని వారు చెప్పారు. ఈ పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నేతృత్వంలో సంఘాన్ని నియమించింది.”

దీని నుండి తేలేది ఏది?

అ) మద్దతు ధర పెంచి ఉంటే పంటవిరామం జరిగేది కాదు.
ఆ) ఆ ఖరీఫ్‌లో కోనసీమలో ఎక్కడా వరి పండలేదు.
ఇ) రైతులు చెప్పిన కారణాలు పంట ధరకు మాత్రమే పరిమితం కాలేదు.
ఈ) రైతులు చెప్పిన కారణాలు నిజమేనని సంఘం తేల్చింది.

‘అ’ మూడు కారణాలలో ఒకదానిని తీసుకొని దానికే పూర్తి బాధ్యతను కట్టబెడుతోంది. ధర పెరిగినా మిగిలిన రెండు కారణాలు ఉంటాయి. ‘ఆ’లో ‘కొన్ని మండలాలు’ అనే పరిమితి చెరిగిపోయింది. ‘ఈ’ స్థానికులను ఆకర్షించే సమాధానం. సంఘం నివేదిక గురించి చదివినవారికి అది సరైనదిగా తోచవచ్చు. అయితే గద్యభాగం సంఘం నియామకం దగ్గరే ఆగింది. బయట మనకు తెలిసిన విషయం ఎంత నిజమైనా ఇక్కడ హేతువు కాజాలదు. మిగిలిన ‘ఇ’ సరైన సమాధానం. చప్పగా, కొత్తదేమీ చెప్పనట్టుగా ఉండటం వల్ల దీనిని తోసిపుచ్చాలనిపిస్తుంది. కాని తక్కువ చెప్పే వాక్యానికి తక్కువ ఆధారం చాలు. అందువల్లనే అది నిలుస్తుంది.

3. వ్యాప్తికి దిశ ఉంది

17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం నేటికీ న్యాయశాస్త్రానికి ప్రవేశగ్రంథం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది వ్యాప్తికి అందులోని ప్రసిద్ధోదాహరణ. దానిని తిప్పి, నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి ఇంధనం తోడు కావాలి. ఈ తోడునే శాస్త్రం ‘ఉపాధి’ అంటుంది. పచ్చి కొబ్బరిడొక్కను రాజేస్తే పొగ కమ్ముకోవడం, కాలిన కొబ్బరిచిప్ప నిప్పు పొగ లేకుండానే కణకణలాడటం కోనసీమవాసులకు తెలిసినదే.

ఈ సూత్రాన్ని పొలానికి అన్వయించవచ్చు. “మురుగుకాలువ పూడితే ఈ చేను మునుగుతుంది” అన్నది ఇచ్చిన వాక్యం అనుకుందాం. “చేను మునిగింది, కనుక కాలువ పూడింది” అనడం వ్యాప్తిని తలకిందులు చేయడమే. గోదావరి వరదకు గట్టు తెగినా, తుపాను వానకైనా చేను మునగవచ్చు. “కాలువ పూడలేదు, కనుక చేను మునగదు” అన్నదీ ఇదే కారణంగా చెల్లదు. “చేను మునగలేదు, కనుక కాలువ పూడలేదు” అన్నది మాత్రం చెల్లుతుంది. నిప్పు లేని మడుగులో పొగ లేదనే వ్యతిరేకవ్యాప్తి మార్గం ఇదే.

4. తెలుగు వాక్యంలో పరిమితి పదాలు

నెట్ మొదటి పత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలోనే ఉంటుంది. తెలుగులో ఆలోచించే అభ్యర్థి ప్రశ్నను మనసులో అనువదించుకుంటాడు. ఆ అనువాదంలో జారిపోయే చిన్న పదాలే తరచు సమాధానాన్ని నిర్ణయిస్తాయి.

“కాలువకు నీరు వదిలితే నాట్లు పడతాయి” అన్నప్పుడు నీరు వదిలారన్న వార్త నుండి నాట్లు పడ్డాయని అనుమితి చేయవచ్చు. “నీరు వదిలితేనే నాట్లు పడతాయి” అన్నప్పుడు అది కుదరదు. నాట్లు పడ్డాయన్న వార్త నుండి నీరు వదిలారని మాత్రమే చెప్పగలం. ఒక్క ఏకారంతో అనుమితి దిశ మారింది. ఇంగ్లీషులోని ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’ల భేదం ఇదే.

“రైతులందరూ నాట్లు వేయలేదు” అన్న వాక్యానికి తెలుగులో రెండర్థాలు: ఏ రైతూ వేయలేదని, కొందరు వేసినా అందరూ వేయలేదని. తర్కానికి ఇవి వేర్వేరు ప్రతిజ్ఞలు. అలాగే ‘కొందరు’ అంటే మాటలో ‘మిగిలినవారు కాదు’ అనే ధ్వని ఉంటుంది. తర్కంలో దాని అర్థం ‘కనీసం ఒకరు’ అని మాత్రమే. అందరూ అయ్యే అవకాశాన్ని అది తోసిపుచ్చదు.

5. పరిశోధనలో ఇదే దోషం

పరీక్షలో పొరపాటుకు పోయేది రెండు మార్కులు. సిద్ధాంతగ్రంథంలో నష్టం పెద్దది. రాజోలు పరిసరాలలోని కొన్ని గ్రామాల సమాచారంతో “కోనసీమ రైతులు” అని నిర్ధారించడం పై ప్రశ్నలోని ‘ఆ’ సమాధానం వంటిదే. అమలాపురం, కొత్తపేట ప్రాంతాల నేల, నీటిపారుదల, కౌలు పద్ధతులు ఆ గ్రామాలవంటివేనని ముందుగా నిరూపించాలి. “గిట్టుబాటు కావడం లేదని రైతులు చెప్పారు” అన్న ముఖాముఖి వాక్యం తరువాతి అధ్యాయంలో “గిట్టుబాటు కావడం లేదు” అని మారితే, శబ్దప్రమాణంగా వచ్చినది ప్రత్యక్షప్రమాణంగా చలామణి అవుతుంది. రైతుల మాట నిజమే కావచ్చు. అయినా దానిని స్థాపించవలసింది సాగు ఖర్చుల లెక్కలతో.

పంటవిరామం వంటి విషయంలో ఒకే కారణాన్ని ఎన్నుకున్న నిర్ధారణ విధాననిర్ణయానికి ఆధారమైతే ధర పెరగవచ్చు గాని, మురుగుకాలువ అలాగే ఉంటుంది. చేలో నిలిచిన నీరూ అలాగే ఉంటుంది. అనుమితి హద్దు దాటడం వల్ల కలిగే నష్టాన్ని అప్పుడు రైతు భరించవలసి వస్తుంది.

6. ముగింపు

ప్రతి సమాధానాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఇచ్చిన వాక్యాలన్నీ నిజమై, ఈ సమాధానం అబద్ధమయ్యే పరిస్థితిని ఒక్కదానినైనా ఊహించగలమా? ఊహించగలిగితే అది అనుమితి కాదు. ఇందులోని పరిమాణం, నిశ్చయం గద్యభాగంలో ఉన్నదానికంటే ఎక్కువా? దీనిని నమ్మడానికి మనకు బయట తెలిసిన విషయమేదైనా అవసరమవుతోందా?

అధ్యాపకులు ఈ ప్రశ్నలను నమూనా పత్రాలకే పరిమితం చేయక, స్థానిక వార్తలపైనా, పరిశోధకుల సొంత అధ్యాయాలపైనా ప్రయోగింపజేస్తే ఫలితం ఉంటుంది. విద్యార్థికి బాగా తెలిసిన ప్రాంతం గురించిన గద్యభాగం ఇందుకు మరింత ఉపయోగకరం. తనకు తెలిసినదానినీ ఎదుట చెప్పినదానినీ వేరుచేసే అభ్యాసం అక్కడే గట్టిపడుతుంది.