వార్తల్లో పదం: ఈపీఆర్
అమ్మిన బ్యాటరీ పాడయ్యాక దాన్ని సేకరించి రీసైకిల్ చేయించే పూచీ తయారీదారుపై పెట్టడమే ఈపీఆర్, అంటే విస్తృత ఉత్పత్తిదారు బాధ్యత. కేంద్రం 2022 ఆగస్టులో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలకు ఇదే ఆయువుపట్టు. నమోదైన రీసైక్లర్ల నుంచి కంపెనీ ధ్రువపత్రాలు తెచ్చి చూపాలి. లేదంటే పర్యావరణ పరిహారం కట్టాలి.

ఎమ్మిగనూరులోనైనా ఆదోనిలోనైనా పాత కారు బ్యాటరీని పాత సామాన్ల వాళ్లు ఎలాగూ కొంటారు కదా, ఇక నిబంధన ఎందుకన్న ప్రశ్న సబబే. బరువులో సగానికి పైగా సీసమే కనుక గిరాకీ ఉంటుంది. చిక్కల్లా ఆ తర్వాతే. పెట్టె పగలగొట్టి, యాసిడ్ కాలువలో పారబోసి, సీసపు పలకలను ఆరుబయట కరిగిస్తే ఆ పొగ, ధూళి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. సీసం నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని మూతలు తీయకుండా, నిటారుగా తెచ్చి డీలరుకే ఇస్తే ధరలోనూ తగ్గింపు అడగొచ్చు.