పనుల జాబితా

పనుల జాబితా అనగా ఒక వ్యక్తి లేదా బృందం నిర్ణీత కాలంలో పూర్తి చేయవలసిన పనులను ముందుగానే వరుసగా వ్రాసి పెట్టుకొనే పట్టిక. దీనిని కాగితం మీద, డైరీలో, కంప్యూటరులో లేదా మొబైల్ ఫోనులో వ్రాసుకోవచ్చు. పూర్తయిన పనిని కొట్టివేసి, మిగిలినదానిని మరుసటి రోజుకు మార్చుకోవడం సాధారణ పద్ధతి. అయితే పనుల పేర్లు వ్రాసినంత మాత్రాన సమయం ఆదా కాదు. ఒక్కొక్క పనికి ఎంత కాలం పడుతుందో అంచనా వేసి, దానిని ఎప్పుడు చేయాలో నిర్ణయించుకున్నపుడే జాబితా వలన ప్రయోజనం కలుగుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706–1790) తన ఆత్మకథలో 24 గంటల దినచర్య పట్టికను ఇచ్చాడు. ఆ రోజు చేయవలసిన మంచి పని ఏమిటో ఉదయం నిర్ణయించుకోవడం, చేసినదానిని సాయంత్రం సమీక్షించుకోవడం అందులోని భాగాలు. క్రమపద్ధతిని పాటించడమే తనకు అన్నిటికంటే కష్టమైనదని ఆయనే వ్రాసుకున్నాడు.

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో చేసిన ఒక ప్రసంగంలో అత్యవసరమైన సమస్యలకు, ముఖ్యమైన సమస్యలకు గల తేడాను ప్రస్తావించాడు. ఈ తేడా ఆధారంగా పనులను నాలుగు భాగాలుగా విభజించే పద్ధతి స్టీఫెన్ కోవే 1989లో ప్రచురించిన పుస్తకం ద్వారా ప్రసిద్ధి పొందింది.

తెలుగువారి ఇళ్ళలో నెల మొదట వ్రాసే కిరాణా సరుకుల చీటీ, పెళ్ళికి ముందు వ్రాసే సామాను పట్టీ కూడా ఈ కోవకు చెందినవే. చీటీ లేనపుడు మరచిపోయిన ఒక్క వస్తువు కోసం మళ్ళీ బజారుకు వెళ్ళవలసి వస్తుంది.

ఉపయోగపడే కారణం

మనిషి ఒకేసారి మనసులో నిలుపుకోగల విషయాలు చాలా తక్కువ. ఇవి సుమారు 7 అని జార్జ్ మిల్లర్ 1956లో, సుమారు 4 మాత్రమేనని నెల్సన్ కోవన్ 2001లో పేర్కొన్నారు. కాగితం మీద వ్రాసినపుడు ఈ భారం తగ్గుతుంది.

పూర్తికాని పనులు పూర్తయిన పనులకంటే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రతిపాదించింది. తరువాతి ప్రయోగాలన్నీ దీనిని సమర్థించలేదు. అయితే పూర్తికాని పనికి నిర్దిష్టమైన ప్రణాళిక వేసుకుంటే, ఆ పనిని గురించిన ఆలోచనలు ఇతర పనులకు కలిగించే ఆటంకం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

అంచనాలో పొరపాటు

పనికి పట్టే కాలాన్ని మనుషులు తక్కువగా అంచనా వేస్తారని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు తమ పరిశోధనా వ్యాసం సగటున 34 రోజులలో పూర్తవుతుందని భావించారు. అన్నీ ప్రతికూలించినా సుమారు 49 రోజులు చాలునని అనుకున్నారు. నిజానికి సగటున 55 రోజులకు పైగా పట్టింది. చేయబోయే పని సాఫీగా సాగుతుందని ఊహించుకోవడం, గతంలో జరిగిన ఆలస్యాలను లెక్కలోకి తీసుకోకపోవడం దీనికి ముఖ్య కారణాలు.

తయారు చేసే పద్ధతి

1. గుర్తుకు వచ్చిన పనులన్నిటినీ ముందుగా ఒకచోట వ్రాయాలి.
2. పెద్ద పనిని చిన్న భాగాలుగా విడగొట్టాలి. "ప్రాజెక్టు రిపోర్టు" అని వ్రాయడం కంటే "మొదటి అధ్యాయానికి కావలసిన పుస్తకాలు గ్రంథాలయం నుండి తేవడం" అని వ్రాయడం మేలు.
3. ముఖ్యమైనవాటిని గుర్తించి, అవి గడువు దగ్గరపడి అత్యవసరం కాకముందే వాటికి సమయం కేటాయించాలి.
4. అలాంటి పనికి గతంలో పట్టిన కాలాన్నే అంచనాగా తీసుకోవాలి.
5. ఎప్పుడు, ఎక్కడ చేయాలో వ్రాయాలి. ఇలా నిర్ణయించుకున్నవారు పనిని పూర్తిచేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించాడు.
6. అనుకోని పనుల కోసం కొంత సమయం ఖాళీగా ఉంచాలి.

ఉదాహరణ

ఒక విద్యార్థి 10 పాఠాలు చదవాలి. పరీక్షకు 20 రోజుల వ్యవధి ఉన్నది. పాఠానికి 2 రోజులు చొప్పున వ్రాసుకుంటే లెక్క సరిపోయినట్లు కనిపిస్తుంది, కాని పునశ్చరణకు ఒక్క రోజు కూడా మిగలదు. గత పరీక్షకు పాఠానికి 3 రోజులు పట్టి ఉంటే ఈసారి 30 రోజులు కావాలి. ఈ సంగతి ముందుగా తెలిస్తే రోజూ చదివే గంటలు పెంచుకోవచ్చు, లేదా ఏ పాఠాలకు ప్రాధాన్యత ఇవ్వాలో నిర్ణయించుకోవచ్చు. పరీక్షకు రెండు రోజుల ముందు తెలిస్తే చేయగలిగినది చాలా తక్కువ.

పరిమితులు

జాబితా మరీ పొడవైతే ఏ పని మొదలుపెట్టాలో తోచదు. కొట్టివేయడం సులభమని చిన్న పనులనే ముందు చేస్తే ముఖ్యమైనవి వెనుకబడతాయి. జాబితాను మాటిమాటికీ అందంగా తిరగ వ్రాయడం కూడా పనిని వాయిదా వేయడమే. అనేక రోజులుగా జాబితాలో అలాగే ఉన్న పనిని ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టాలి, లేదా దానికి ఒక తేదీ నిర్ణయించాలి. అవసరం లేనిదైతే తొలగించాలి.