పెరట్లో ప్లైవుడ్ పడవ - మొగలో తొలి పరుగు

కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టి పడవ చేయడం ఉత్తరాంధ్ర తీరానికి కొత్త విద్య కాదు. కళింగపట్నం, భీమునిపట్నం రేవులు కళకళలాడిన రోజుల్లో ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, సరుకును కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చినవి ఇలాంటి కుట్టు పడవలే. మేకులు కొట్టని పడవ కెరటం దెబ్బకు కాస్త వంగుతుందే గాని విరగదని పెద్దలు ఎరిగిన సంగతే. అదే కుట్టు విద్య నేడు మరో రూపంలో అక్కరకు వస్తున్నది. ప్లైవుడ్ షీట్లను రాగి తీగతో కుట్టి, అతుకులను రెజిన్‌తో కలిపి, వెనుక చిన్న మోటారు బిగిస్తే పడవ సిద్ధం. వడ్రంగి పని తెలిసినవారు ఒకరిద్దరు ఉంటే చాలు, పెరట్లో వేసిన పాకలోనే దీనిని తయారు చేసుకోవచ్చు.

దక్షిణాన నడిచిన దారి

ఈ పద్ధతి లోకానికి బాగా తెలిసింది 1963లో. ఆ ఏడాది ఇంగ్లండులో 'మిర్రర్' అనే చిన్న తెరచాప పడవ అమ్మకానికి వచ్చింది. కోసి ఉంచిన ప్లైవుడ్ ముక్కలను కొన్నవారే ఇంటి దగ్గర కుట్టుకుని పడవ చేసుకునేవారు. అక్కడ అది సరదా వస్తువు. మన దక్షిణ తీరంలో మాత్రం అది బతుకు తెరువయింది. తెప్పలకు పనికివచ్చే పెద్ద దూలాలు దొరకడం కష్టమై, ధర పెరిగిపోయిన కాలంలో కన్యాకుమారి జిల్లా ముట్టం గ్రామంలో కుట్టు ప్లైవుడ్ పడవల నిర్మాణం సాగింది. బెల్జియం దేశస్థుడు పియర్ జిలే ఈ పనిలో ముఖ్యుడు. ఆ అనుభవాలనూ, ఎదురైన చిక్కులనూ ఆయన 1985లో పుస్తకంగా వెలువరించారు. 1980లో ఏర్పడిన దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్య కేరళ, కన్యాకుమారి తీరాల్లో ఇలాంటి పడవలను వ్యాప్తిలోకి తెచ్చింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం కూడా ఇసుక ఒడ్డున దిగే మోటారు పడవలపై ప్రయోగాలు జరిపింది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు తీరం ఉన్నది. ఇక్కడ కొయ్య తెప్పల స్థానాన్ని ఇప్పుడు చాలా వరకు ఫైబర్ తెప్పలు ఆక్రమించాయి. అయితే ఫైబర్ తెప్పకు అచ్చు కావాలి, అచ్చు ఉన్న కార్ఖానా కావాలి. ప్లైవుడ్ పడవకు ఆ అవసరం లేదు. దెబ్బ తగిలిన చోట ముక్క కోసి, మరో ముక్క అతికి, తయారు చేసినవారే బాగు చేసుకోగలరు.

తయారీ విధానం

మొదట చూడవలసినది చెక్క. ఇంటి తలుపులకు, బీరువాలకు వాడే ప్లైవుడ్ నీటిలో పొరలు విడిపోతుంది. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ మాత్రమే పడవకు పనికివస్తుంది. దీని జిగురును 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 9 మిల్లీమీటర్ల మందం గల షీటు ఒక్కొక్కటి సుమారు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది.

అడుగు ముక్కలను, పక్క ముక్కలను గీత ప్రకారం కోసి, అంచుల వెంట రంధ్రాలు వేసి రాగి తీగతో కుడతారు. అణియం వైపు ముక్కలు దగ్గరకు లాగేసరికి పడవ ఆకారం దానంతట అదే వస్తుంది. లోపలి అతుకుల్లో రెజిన్ ముద్ద నింపి, పైన గాజు గుడ్డ పట్టీలు అంటిస్తారు. అది గట్టిపడిన తరువాత తీగలు కత్తిరించి వెలుపల కూడా పట్టీలు వేస్తారు. ప్లైవుడ్ నీరు తాగేది ముందుగా కోసిన అంచుల నుంచి. కనుక ప్రతి అంచుకూ, ప్రతి మర రంధ్రానికీ రెజిన్ పట్టించడం తప్పనిసరి. ఇనుప మరలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఇత్తడివి గాని, స్టెయిన్‌లెస్ స్టీలువి గాని వాడాలి.

చెక్క నీటిపై తేలుతుంది గాని మోటారు తేలదు. అందుచేత బల్లల కింద మూసిన అరలు కట్టి నురుగు దిమ్మలు కూరాలి. 100 లీటర్ల చోటు ఆక్రమించిన నురుగు సుమారు 100 కిలోల బరువును నీటిపై నిలుపుతుంది. పడవ నిండా నీరు చేరినా మునిగిపోకుండా పట్టుకునేందుకు ఇదే ఆధారం.

తొలి పరుగు

కొత్త పడవను నేరుగా కెరటాల్లోకి దించడం సాహసమే గాని తెలివి కాదు. కళింగపట్నం వద్ద వంశధార, కోనాడ వద్ద చంపావతి, బారువ వద్ద మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. అటువంటి చోట మొగకు లోపల, నిలకడ నీటిలో ముందు పరీక్షించాలి. మోటారు లేకుండా దించి గంటసేపు వదిలితే ఎక్కడ చెమ్మ ఊరుతున్నదో తెలుస్తుంది. తరువాత ఇసుక బస్తాలు వేసి ఏ పక్కకు ఒరుగుతున్నదో చూడాలి. ఆ పైన మోటారు బిగించాలి. మర ఊడినా నీటి పాలు కాకుండా దానిని తాడుతో అమరానికి కట్టి ఉంచాలి.

మోటారు అందుకున్నాక తేలిక పడవ అణియం ఎత్తి నీటి మీద జారిపోతుంటే, తెడ్డు వేసి అలసిన చేతులకు ఆ పరుగు పండుగే. ఆ సంబరంలో ఒక్కసారిగా మలుపు తిప్పరాదు. నడిపేవారి చేతికి కట్టుకున్న తాడు లాగగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు ఉండాలి.

సముద్రంలోకి వెళ్లేటప్పుడు పెద్ద కెరటాల వరుస దాటేదాకా ఆగి, అణియాన్ని కెరటానికి ఎదురుగా నిలిపి దూసుకుపోవాలి. పడవ అడ్డం తిరిగిందా, బోల్తా తప్పదు. తిరిగి వచ్చేటప్పుడు కెరటం ముందు పరుగెత్తక దాని వీపు వెంట రావాలి. నేల తగలకముందే మోటారును పైకి ఎత్తాలి.

సొంత ఊరి వేటకు ఊతం

వేట సరిగా సాగక ఈ రెండు జిల్లాల నుంచి ఏటా ఎందరో గుజరాత్ తీరానికి వలస పోతున్నారు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. అన్నాళ్లూ వారి ఇళ్లలో పొయ్యి వెలిగించిన ఆడవారి అవస్థ తీర గ్రామాలు మరచిపోలేదు. ఒక చిన్న పడవ వలసను ఆపలేకపోవచ్చు. కాని సొంత చేతులతో చేసుకున్న పడవ ఒడ్డున ఉంటే, వెళ్లాలా వద్దా అని ఆలోచించుకునే వీలైనా చిక్కుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను చెప్పిన పాఠం కూడా ఉన్నది. హెచ్చరిక అందగానే పదిమంది కలిసి ఊరి వైపు లాక్కుపోగల తేలిక పడవ అలాంటి వేళ మేలు చేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలం ఈ పనికి అనువైనది. పడవ పూర్తయ్యాక 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రకారం మత్స్యశాఖ వద్ద నమోదు చేయించుకోవాలి. ప్రాణరక్షక కవచాలు లేనిదే నీటిలో అడుగు పెట్టరాదు. ఆపద వేళ తీర రక్షక దళాన్ని 1554 నంబరుకు ఫోను చేసి పిలవవచ్చు.

తీర గ్రామాల యువకులకు ఈ పడవ పనిలో శిక్షణ ఇప్పించే విషయమై మత్స్యశాఖ, సహకార సంఘాలు శ్రద్ధ వహించవలసి ఉన్నది. తాతల నాటి కుట్టు చేతికి వస్తే, దానిపై మోటారు నడపడం మనవలకు కష్టమేమీ కాదు.