బ్యాండుమేళము వెనుకనున్న సాధన

ఆగస్టు 15ననో, జనవరి 26ననో ఉన్నతపాఠశాలా ప్రాంగణమున జెండా యెగురునపుడు బాలబాలికల బ్యాండుమేళమును విని ఆనందింపనివారుండరు. ఆ మ్రోత కొలది నిమిషములలో ముగియును. దాని వెనుక ఎన్ని మాసముల సాధన కలదో విచారించువారు మాత్రము అరుదు. కోటబొమ్మాళి వంటి చిన్నయూళ్లలో బ్యాండును నిలుపుట వాయిద్యములు కొనుటతో తీరు పని కాదు. ఏటేట మొదటినుండి పట్టవలసిన వ్రతమని మా అభిప్రాయము.

ఈ విద్య యెట్టిదో ముందుగా చూతము. కవాతునడక నిమిషమునకు సుమారు 120 అడుగులు; అనగా అడుగునకు అర సెకను. ఎడమకాలు నేలనూను క్షణముననే పెద్ద డ్రమ్ముపై దెబ్బ పడవలెను. బ్యూగిలునకు మీటలు లేవు. పెదవుల బిగువును, ఊపిరిని మార్చియే దానిలోని కొలది స్వరములను పలికింపవలెను. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును గనుక, పొడవైన పంక్తిలో ముందువారి వాద్యము వెనుకవానికి కొంత ఆలస్యముగా వినవచ్చును. వాడు చెవినే నమ్మెనా, లయ చెదరును. నాయకుని చేతికఱ్ఱపైనను దృష్టి నిలుపవలెను. మలుపులో లోపలివాడు అడుగు కుదించుకొనవలెను, వెలుపలివాడు సాచవలెను. పదునాలుగేండ్ల పిల్లలకు కాలు, చేయి, ఊపిరి, చూపు ఈ నాలుగింటిని ఒక్కతాటిపైకి తెచ్చుటయే గురువు పని.

ఇంత శ్రమపడి తీర్చిన శిష్యులు ఎంతకాలము దక్కుదురు? ఎనిమిదవ తరగతిలో కఱ్ఱ పట్టుట నేర్చినవాడు తొమ్మిదవ తరగతిలో చేయి తిరిగినవాడగును. పదవ తరగతి రాగానే పరీక్షల తొందర; ఆపై బడియే విడుచును. జూను మాసమున బడి తెఱచునప్పటికి గురువునకు మిగులునవి కొత్త చేతులును, రెండు నెలల గడువును. ఉద్దానపు రైతు కొబ్బరిమొక్క నాటి ఏండ్లకొలది వేచియుండును; కాపునకు వచ్చిన చెట్టు అతనిని చిరకాలము పోషించును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను కూల్చినపుడు ఆ రైతు పడిన దుఃఖమును మనమెఱుగుదుము. బ్యాండు నేర్పువాని తోట తుపాను లేకయే, కాపునకు వచ్చిన యేడే, చేజారుచుండును. అయినను అతడు మరల నాటుచునే యుండును.

వాయిద్యముల సంరక్షణ వేఱొక భారము. సముద్రపు గాలి తగులు సీమలో ఇత్తడికి కిలుమెక్కును, ఇనుప మరలు త్రుప్పుపట్టును. తుడుచుట, బిగించుట, చినిగిన డ్రమ్ముమూత మార్చుట, ఇవన్నియు బడిగంట మ్రోగిన పిదప చేయవలసిన పనులు.

చదువు చెడునను తల్లిదండ్రుల భయము కొట్టివేయదగినది కాదు. రెక్కల కష్టముతో బిడ్డను చదివించు తండ్రికి పదవతరగతి ఫలితమే ఆస్తి. కాని సాధనకు కాలపట్టికలో చోటు లేనిచోటనే అది చదువుకొను వేళను హరించును. వారమునకు రెండు గంటలు కేటాయించి, పదవ తరగతివారిని చిన్నవారికి నేర్పు పనిలో మాత్రమే ఉంచినచో, పరీక్షయు చెడదు, విద్యయు తెగదు.

మనవారికి లయజ్ఞానము కొత్త కాదు. ఱొమ్మున తప్పెట కట్టుకొని, కాళ్ల గజ్జెలతో అడుగు కలిపి రెండుచేతుల వాయించు తప్పెటగుళ్లవారు ఉత్తరాంధ్రమున తరతరములుగా నున్నారు. వాద్యమును, నడకను ఒకే దేహమున కలుపుటయే గదా కవాతుమేళము! కొత్తమ్మతల్లి జాతరలో డప్పు విని పెరిగిన కోటబొమ్మాళి బాలునికి తాళము పరాయివిద్య కాజాలదు. ఇట్టి కళాకారులను బడికి పిలిచి గౌరవవేతనమిచ్చి నేర్పింపరాదా?

ఇది ధనికుల పాఠశాలలకే చెల్లునని కొంద ఱనవచ్చును. 2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథమున, రాష్ట్రపతి వేదిక యెదుట పైపుబ్యాండు వాయించినవారు ఝార్ఖండులోని పటమ్‌దా కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయపు పల్లెపిల్లలు. మన తెలుగునాటను విద్యాలయములకు గానముతో పాతచుట్టఱికము కలదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసినపుడు జనగణమన గీతమును పాడి వినిపించెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చెను. బడిపిల్లలు నేడు సుమారు 52 సెకనులలో పాడు జాతీయగీతము చరిత్రలో ఒక తెలుగు కళాశాలకు ఇట్లు స్థానము లభించినది.

కావున గ్రామపెద్దలకు, భూవసతి గలవారికి, పూర్వవిద్యార్థులకు మా మనవి యొక్కటే. ఒకనాడు వాయిద్యములు దానమిచ్చి పేరు చెక్కించుకొనుట చాలదు. ఏటేట మరమ్మతులకు కొంత సొమ్ము, నేర్పువానికి కొంత వేతనము, సాధనకు నియతమైన వేళ ఏర్పఱుపుడు. బీరువాలో మూగవోయిన డ్రమ్ము దాతకును కీర్తి తేదు, ఊరికిని మేలు చేయదు. బదిలీపై ఒక ఉపాధ్యాయుడు వెడలినను మేళము ఆగని బడియే, ఆ విద్యను నిజముగా తనదిగా చేసికొన్న బడి.