నేలకు దగ్గరైన కారు

మోటారు కారు నేలకు ఎంత దగ్గరగా ఉండిన అంత సొగసుగా ఉండునని తలచువారు అన్ని దేశములందును ఉన్నారు. చక్రమునకును దానిపై మడ్గార్డునకును నడుమ నాలుగు వ్రేళ్ళ సందు కనబడినచో వారి కంటికి అది కొరతగా తోచును. ఈ అభిరుచిని పరిహసింప నక్కరలేదు. అయితే పందెపు కార్లు నేలను అంటుకొని పరుగెత్తుటకు కారణము సొగసు కాదు, లెక్క. ఆ లెక్క కొంత తెలిసిననే మన కారును ఎంతవరకు దించవచ్చునో తేలును.

కారు మలుపు తిరుగునపుడు లోపలి చక్రములపై నున్న బరువులో కొంత వెలుపలి చక్రములకు మారును. గరిమనాభి ఎంత ఎత్తున నున్నచో అంత ఎక్కువ బరువు మారును. నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున గరిమనాభిగల కారును 3 సెంటీమీటర్లు దించితిమనుకొందము. మారెడి బరువు నూటికి సుమారు అయిదున్నర పాళ్ళు తగ్గును. లాభము నిజమే గాని పెద్దది కాదు. దానికై మనము విడిచిపెట్టునదేమో చూడవలసి యున్నది.

కార్లను దించు వేడుక అమెరికాలో పాతది. 1940ల నాటికే లాస్ ఏంజెలెసులోని మెక్సికో సంతతి యువకులు డిక్కీలో ఇసుకబస్తాలు వేసియు, స్ప్రింగుల చుట్లు కోసియు కార్లను దించి వీధులలో మెల్లగా ఊరేగెడివారు. చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె కారు భాగమేదియు క్రిందికి ఉండరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 1950ల చివర శాసించినది. రాన్ అగిర్రె అనునతడు 1959లో తన కార్వెట్ కారునకు హైడ్రాలిక్ పంపులు అమర్చి, కోరినప్పుడు లేపుటకును దించుటకును వీలు కల్పించెను. ఆ శాసనము 2024 జనవరి 1 నుండి రద్దయినది.

ఇసుకబస్తాను తీసివేయవచ్చును. కోసిన స్ప్రింగును అతికింపలేము. చుట్టు తగ్గిన స్ప్రింగు మెత్తబడునని పలువురి భ్రమ. నిజమునకు అది గట్టిపడును. పనిచేయు చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోసినచో బిగువు నూటికి 20 పాళ్ళు పెరుగును. గ్యాసు మంటతో కోసినచో ఆ వేడికి ఉక్కు పదను చెడును. జాకీ ఎత్తి చక్రమును వ్రేలాడనిచ్చినపుడు పొట్టి స్ప్రింగు తన పీటనుండి తప్పుకొనుటయు కలదు. గోతిలో చక్రము దిగినపుడు నడిరోడ్డుపై ఇదే జరిగిన ఏమగునో చెప్పనక్కరలేదు.

కావున పొట్టిగా తయారుచేసిన స్ప్రింగులనే కొనవలెను. అంతటితో పని తీరదు. నేటి చిన్న కార్లలో ముందు చక్రములకు ఎక్కువగా ఉండునది మాక్ఫర్సన్ స్ట్రట్టు. ఎర్ల్ మాక్ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు దీనిని రూపొందించెను. 1950లో బయటికి వచ్చిన బ్రిటిషు ఫోర్డు కాన్సల్ కారుతో ఇది ప్రసిద్ధికి వచ్చినది. ఇందులో షాక్ అబ్జార్బరే చక్రమును నిలబెట్టు స్తంభము. స్ప్రింగు దాని చుట్టును కూర్చుండును. స్ప్రింగు ఊగించును, షాక్ అబ్జార్బరు ఆ ఊపును ఆపును. పాత స్ప్రింగు బిగువునకు సరిపడ చేసిన షాక్ అబ్జార్బరు గట్టి స్ప్రింగును అదుపు చేయలేదు. కారు గంతులు వేయును, టైరు నేలను వదలును. స్ప్రింగులు కొని స్ట్రట్టులకు డబ్బు మిగుల్చుకొనువారు ఆదా చేయునది ఎక్కడనో ఆలోచింపవలెను.

అసలు చిక్కు మరియొకటి. కుదుపు తగిలినపుడు చక్రము పైకి జరుగుటకు కొంత చోటు కావలెను. రబ్బరు అడ్డు తగులువరకు ఆ చోటు 8 సెంటీమీటర్లనుకొనుడు. కారును 4 సెంటీమీటర్లు దించినచో 4 మాత్రమే మిగులును. అదే కుదుపును సగము దూరములో ఆపవలెనన్న స్ప్రింగు రెట్టింపు గట్టిదైన చాలదు, నాలుగు రెట్లు గట్టిదై యుండవలెను. అంత గట్టి స్ప్రింగుపై ఏ కుటుంబమును ప్రయాణము చేయజాలదు. అందువలన అమ్మెడి స్ప్రింగులు అంత గట్టివి కావు. మిగిలిన దెబ్బ రబ్బరు అడ్డుకును, దానినుండి కారు బాడీకిని, అటనుండి కూర్చున్నవారి వెన్నునకును చేరును. 2 సెంటీమీటర్లే దించినచో కావలసిన బిగువు రెండు రెట్లలోపే. రెండింటికిని గల వ్యత్యాసము గమనింపదగినది.

స్ట్రట్టు కారులో మరియొక వింత కలదు. చక్రమును క్రింద పట్టియుంచు ఆర్ము మామూలుగా వెలుపలికి కొంచెము వాలి యుండును. కారు దిగిన కొలది దాని వెలుపలి కొన పైకి లేచును. మలుపులో బాడీ ఏ ఇరుసు చుట్టును ఒరుగునో ఆ కల్పిత కేంద్రము అప్పుడు గరిమనాభికంటె వేగముగా క్రిందికి జారును. రెంటికిని దూరము పెరుగును గనుక బాడీని ఒరిగించు మీట పొడవగును. ఫలితముగా, చాల దించిన కారు గట్టి స్ప్రింగులు లేనిచో మునుపటికంటె ఎక్కువ ఒరుగును! దించినది స్థిరత్వమునకే కదా యని కొనినవాడు విస్తుపోవును.

దించిన తరువాత చక్రముల వాలును, ముందు మొగమును మారును. కొన్నాళ్ళు నడిపి స్ప్రింగులు కుదురుకొనిన పిమ్మట వీల్ అలైన్‌మెంటు చేయింపనిచో టైర్ల లోపలి అంచులు అరుగును. ఆ అంచు బయటికి కనబడదు. తీగలు తేలినపుడే తెలియును. దీపముల గురిని కూడ సరిచూడవలెను.

మన దేశములో ఇంకొక కొలత ఉన్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు సూచించిన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఆ సూచనను పాటింపక ఊరివారు తమకు తోచినట్లు పోసిన దిబ్బలు అంతకంటె నిటారుగా ఉండును. మీ కారు అడుగునకును నేలకును గల ఎడమును నలుగురు ఎక్కి కూర్చున్నపుడు కొలిచి, అటుపై ఎంత దించవలెనో నిశ్చయించుకొనుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా, లేక ఆరు నెలలవరకు ఖైదు, లేక రెండును విధింపవచ్చును. స్ప్రింగులు కొనుటకు ముందే మీ రవాణా కార్యాలయములో విచారించుకొనుడు. తీసిన పాత స్ప్రింగులను పారవేయక దాచియుంచుడు.